మిషన్ మీద రొట్టె

“రొట్టె తుంచి ఉందా లేదా? ముందు అది చెప్పు చెల్లీ.”

అప్పటిదాకా ప్రశ్నలన్నీ సీనియర్ పోలీసు అధికారి కలీచావే. నిందితురాలి నోట వచ్చిన మొదటి ప్రశ్న ఇది. తోక్మోక్ పోలీసు స్టేషన్‌లోని ఆ ఇరుకు గదిలో ఎదురుగా కూర్చున్న బత్మకాన్‌కు యాభై దాటాయి. ప్రెస్సులో కాగితాలు కోసే పెద్ద మిషన్ ఆమెది. ఆమెదంటే సొంతం కాదు గానీ, పనిలో చేరిన నాటి నుంచి మరొకరి చెయ్యి దాని మీద పడనిచ్చింది లేదు. పొట్టి మనిషి, గట్టి గొంతు. అరెస్టయిన మనిషిలా కాక, అరెస్టు చేయడానికి వచ్చినదానిలా కుర్చీ నిండా కూర్చుంది.

“ఏ రొట్టె అక్కా?” అంది కలీచా.

“ఇరిస్‌బెక్ తెచ్చేది. కత్తి మార్చే రోజున వాళ్ళావిడ తండూర్‌లో కాల్చిన నాన్ ఒకటి గుడ్డలో చుట్టుకొని తెస్తాడు. కొత్త కత్తి బిగించి, ఒక కట్ట కోసి చూసి, బాగుందనుకున్నాక ఇద్దరం కూర్చొని చేత్తో తుంచుకు తింటాం. తుంచకుండా ఎవరి దారిన వాళ్ళు పోయింది లేదు. కొట్లాడుకున్న రోజు కూడా తిన్నాం. అసలు కొట్లాడుకోని రోజేది?”

“తుంచకుండా ఉంటే?”

“కత్తి బిగించలేదన్నట్టే. నేను బిగించలేదని నిన్నటి నుంచి మొత్తుకుంటున్నా, మీ కుర్ర కెప్టెన్ చెవికెక్కితేనా!”

ఆ కుర్ర కెప్టెన్ పేరు శైలోబెక్. ఎన్నికల రోజున పుట్టాడని, ‘ఎన్నిక’ అనే అర్థం వచ్చేలా ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. గెలిచి తీరాలన్న పట్టుదల అప్పుడే అంటుకుందని స్టేషన్‌లో అంతా అంటారు. అతను కట్టిన కేసు చూడబోతే చెయ్యి చాపితే అందే కాయలా ఉంది. బుధవారం పొద్దున ప్రెస్సు కాపలాదారు, ముసలి కచ్కిన్, తలుపు తీసి గడప దగ్గరే కూలబడి కేకలు పెట్టాడు. కటింగ్ మిషన్ ముందు ఇరిస్‌బెక్ చచ్చిపడి ఉన్నాడు. ఇరిస్‌బెక్ ఆ ఊళ్ళో ప్రెస్సుల కత్తులన్నిటికీ సానపట్టేవాడు. బారెడు పొడవు కత్తి ఒకటి అతని పక్కన పడి ఉంది. తొడ తెగి ఒంట్లో నెత్తురంతా కారిపోయింది.

శైలోబెక్ చెప్పే కథ ఇది. మంగళవారం సాయంత్రం బత్మకాన్, ఇరిస్‌బెక్ కలిసి మొద్దుబారిన కత్తి తీసేసి, సానపట్టిన కత్తి ఎక్కించారు. ఇంటికి పోయే తొందరలో ఆమె బోల్టులు సగమే బిగించి ఆరింటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఇరిస్‌బెక్ ఒంగి చూస్తుండగా కత్తి ఊడి మీద పడింది. మిషన్ బాధ్యత ఆమెదే కాబట్టి జైలూ ఆమెకే. ప్రెస్సు డైరెక్టర్ ఉలుక్మాన్ దీనికి సాక్ష్యం పలికాడు. తాను ఐదున్నరకు ఇంటికి బయలుదేరుతుంటే ఇరిస్‌బెక్ సంచీతో లోపలికి వెళ్ళడం కళ్ళారా చూశాడట. ఇవాళ సాయంత్రానికి ఆ ఫైలు ప్రాసిక్యూటర్ బల్ల మీదికి చేరుతుంది. చేరాక బత్మకాన్ మళ్ళీ తన మంచం మీద పడుకునేది ఎన్నేళ్ళకో ఎవరికీ తెలీదు.

“మంగళవారం సాయంత్రం ఏం జరిగిందో ఇంకోసారి చెప్పండక్కా. తిట్లు మినహాయించి.”

“తిట్లు మినహాయిస్తే మిగిలేది తక్కువే,” అంది బత్మకాన్. “ఐదున్నర దాటింది. కేలండర్లు కోస్తున్నా. కట్టలో ఎవడో పిన్ను వదిలేశాడు. కత్తి దాని మీద పడి, అంచు బియ్యపుగింజంత ఎగిరిపోయింది. ఇక ఆ కత్తితో ఏం కోసినా అంచున సన్నటి గీత పడుతుంది. మిషన్ ఆపేసి డైరెక్టర్ గదికి పోయి చెప్పా. అప్పటికి ఆరు కావస్తోంది.”

“ఆయన ఐదున్నరకే వెళ్ళిపోయానంటున్నాడు.”

“అయితే ఆ కుర్చీలో కూర్చొని నా మీద అరిచింది ఆయన దయ్యమై ఉంటుంది. తేనె లేబుళ్ళు కోసిపెట్టి పొమ్మన్నాడు. తెల్లారేసరికి అల్మతీకి సరుకు తీసుకెళ్ళే లారీ వస్తుందట. గీతలు పడ్డ సరుకు నా చేత్తో పంపను, పొద్దున్నే ఇరిస్‌బెక్‌ని పిలవండి, తేనె ఎక్కడికీ పారిపోదు అన్నా. అని ఇంటికెళ్ళిపోయా.”

“ఇరిస్‌బెక్ రాలేదా?”

“నేనున్నంతవరకూ రాలేదు. వస్తే వెళ్తానా? ఆయన ఒక్కడూ కత్తి దించలేడు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు బోల్టు విప్పాలి. పట్టుకోవడానికి కత్తికి రెండు పిడులు బిగిస్తాం. అవి నా పెట్టెలో ఉంటాయి, తాళంచెవి నా మెళ్ళో ఉంటుంది.” ఆమె మెడలోని దారం బయటికి లాగి చూపించింది. గొంతు మొదటిసారి కాస్త తగ్గింది. “నేనుంటే ఆయన చచ్చేవాడు కాదు చెల్లీ. ఆ మాట మాత్రం ఎవరు రాసుకున్నా సరే, ఒప్పుకుంటా.”

కలీచా ఫైలులోంచి ఫొటోలు తీసి బల్ల మీద పరిచింది. బుధవారం పొద్దున పోలీసులు గదిలో అడుగు పెట్టకముందు గడప దగ్గర నిలబడి తీసినవి. మొదటి రెండిటిలో ఏమీ కనిపించలేదు. మూడోదానిలో, మిషన్ నెత్తి మీద, గుండ్రటి రొట్టె. ఎక్కడా తుంచలేదు.

బత్మకాన్ ఫొటో లాక్కొని కళ్ళ దగ్గర పెట్టుకుంది. “ఆయన రొట్టే. కానీ అంత పైనెందుకుంది? ఎప్పుడూ నా స్టూలు మీద పెడతాడే! అక్కడికి నాకు అందదు. ఆయనకూ అందదు, ఇద్దరం ఒక్కటే ఎత్తు. పొట్టోళ్ళిద్దరూ కలిసి పెద్ద మిషన్ నడుపుతున్నారని నవ్వేవాళ్ళు.”

కలీచా లేచింది. “పదండక్కా. మీ మిషన్ దగ్గరికి పోదాం.”

ప్రెస్సు గేటు దగ్గర కచ్కిన్ కుర్చీలోంచి లేవబోయి సగంలో ఆగిపోయాడు. నడుము ఎప్పుడో వంగిపోయిన మనిషి. తను గడప దాటలేదనీ, దేవుడి మీద ఒట్టనీ చెప్పాడు. సరుకు లారీలు వచ్చే వెనక గేటు సంగతి అడిగితే, దాని తాళం డైరెక్టర్ దగ్గరే ఉంటుందన్నాడు.

శైలోబెక్ అప్పటికే లోపల ఉన్నాడు. గోడకానుకొని, చేతులు కట్టుకొని, పెళ్ళికి ముందే వచ్చి కూర్చున్న మేనమామలా చూస్తున్నాడు. ఒకప్పుడు కలీచా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ మాట ఎవరైనా గుర్తు చేస్తే మొహం మాడ్చుకుంటాడు.

“నా కేసులో మీకేం పనక్కా? చచ్చినవాడి పెళ్ళామే దేవుడి రాత అనుకొని ఊరుకుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“ఆవిడ ఊరుకుంది సరే. ఈవిడ ఊరుకోవడం లేదుగా,” అంది కలీచా, తలుపు దగ్గర కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ బత్మకాన్‌ని చూపిస్తూ. “డైరెక్టర్ ఎక్కడ?”

“ఆయన గదిలో. పిలవనా?”

“నేను పిలిచేదాకా అక్కడే ఉండమను.”

గది మధ్యలో సిమెంటు దిమ్మె మీద పాతకాలపు మిషన్. ముందు నేల మీద ఎవరో రంపపుపొట్టు పోశారు. పొట్టు కింద ఏముందో అందరికీ తెలుసు కాబట్టి అందరూ దాన్ని చుట్టి నడుస్తున్నారు. ఇరిస్‌బెక్ పక్కన దొరికిన కత్తి టార్పాలిన్ మీద పడుకోబెట్టి ఉంది. బరువు మోయలేక స్టేషన్‌కు తీసుకుపోలేదు. రెండో కత్తి గోడ పక్కన తన కర్రపెట్టెలో ఉంది.

“మీదపడ్డది ఏ కత్తి?” అడిగింది కలీచా.

“కొత్తగా సానపట్టింది. పెట్టెలో ఉన్నది పాతది.”

“పెట్టె తెరిచావా?”

“మూత కాస్త ఎత్తి చూశాను. కత్తి. కత్తిలాగే ఉంది.”

తలుపు దగ్గర బత్మకాన్ పెద్దగా గాలి పీల్చింది. మాట్లాడొద్దని కలీచా చెయ్యి చూపింది. కలీచా తల్లి దర్జీ పని చేసేది. కత్తెర అంచు పాడయిందో లేదో తెలుసుకోవడానికి దూది పింజ అంచు వెంట లాగి చూసేది. కలీచా వెంట తెచ్చిన మందుల సంచీలోంచి దూది తీసి, టార్పాలిన్ మీది కత్తి అంచు వెంట మెల్లగా జరిపింది. దూది నున్నగా పోయింది, పోయింది, ఒకచోట టక్కున చిక్కుకుంది. అక్కడ బియ్యపుగింజంత సందు. తరువాత కర్రపెట్టె మూత పూర్తిగా తీయించింది. ఆ కత్తి అంచుకు చుట్టిన మైనపుకాగితం చుట్టినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు.

శైలోబెక్ చేతులు విడిపోయాయి.

“మీద పడ్డది పాత కత్తి,” అంది కలీచా. “కొత్తది పెట్టెలోంచి బయటికే రాలేదు. ఎక్కించని కత్తికి బోల్టులు సగం బిగించిందని ఒక మనిషిని లోపలేశావు తమ్ముడూ.”

“పాతదయితే మాత్రం? సాయంత్రం దాన్ని తియ్యబోయి...”

“అదీ చూద్దాం.” మిషన్ పక్కనున్న తుక్కుబుట్టను ఆమె నేల మీద బోర్లించకుండా, పైనుంచి గుప్పెడు గుప్పెడు తీసి వరసగా పెట్టించింది. బుట్టలో అడుగున ఉన్నది ముందు కోసింది, పైన ఉన్నది చివర కోసింది. అడుగున కేలండర్ల తుంపులు, అంచులు నున్నగా. వాటి మీద మరికొన్ని కేలండర్ల తుంపులు, అంచున సన్నటి గీతతో. అన్నిటికంటే పైన తేనెటీగ బొమ్మ ఉన్న పసుపుపచ్చ తుంపులు. వాటన్నిటికీ గీత ఉంది.

“తేనె లేబుళ్ళు!” బత్మకాన్ ఇక ఆగలేకపోయింది. “ఇవి నేను కొయ్యలేదు! ఇంత వంకరగా నేను నా జన్మలో కొయ్యలేదు!”

“విన్నావుగా. కత్తి అంచు ఎగిరిపోయాక, ఆమె వెళ్ళిపోయాక, అదే కత్తితో ఎవరో తేనె లేబుళ్ళు కోశారు. అంటే ఆరు తరువాత కూడా కత్తి మిషన్‌లోనే ఉంది, గట్టిగానే ఉంది.”

శైలోబెక్ ఊరికే ఓడిపోయే రకం కాదు. కాసేపు పచార్లు చేసి ఆగాడు. “సరే. ఇరిస్‌బెక్ పాత కటింగ్‌వాడే, మిషన్ నడపడం తెలుసు. ఆయనే కోసుకున్నాడు. ఆయనే కత్తి మార్చబోయాడు, ఒక్కడూ. పడింది, పోయాడు. ప్రమాదం. కానీ మిషన్‌కు తాళం వెయ్యకుండా పోయింది ఈవిడేగా? కేసు మారదక్కా. పేరా మారుతుందంతే.”

“ఒక్కడే పోయాడంటావు.”

“ఇంకెవరున్నారు? ఉంటే చూపించండి.”

కలీచా కుర్చీ లాక్కొని దాని మీదెక్కి, మిషన్ నెత్తి మీదికి చెయ్యి చాపింది. రొట్టె ఇంకా అక్కడే ఉంది. పోలీసులైనా దొంగలైనా ఈ ఊళ్ళో రొట్టెను ఎవరూ చెత్తలో వెయ్యరు. రెండు రోజులకు ఎండి చెక్కయింది. చేతి తొడుగులతో దాన్ని దించి, అడుగు భాగం శైలోబెక్‌కు చూపించింది. అక్కడ కాగితపు పొడి, దానితో కలిసి గట్టిపడ్డ నల్లటి మరక.

శైలోబెక్ వంగి చూశాడు. “నెత్తురా?”

“నెత్తురు పారిన నేల మీద పడి, అక్కడినుంచి పైకి వచ్చింది. తొడ తెగినవాడు లేచి రొట్టె పైన పెట్టి మళ్ళీ వచ్చి పడుకోడు. కచ్కిన్ గడప దాటలేదు, దాటినా ఆ నడుముతో అందదు. నీ మనుషులు లోపల అడుగు పెట్టకముందు తీసిన ఫొటోలోనే ఇది పైనుంది. డాక్టర్ ఏమన్నాడో చదివావా? ఇరిస్‌బెక్ వెంటనే పోలేదు. దాదాపు అరగంట బతికే ఉన్నాడు. తొడ పైన ఒక బెల్టు బిగించి కడితే దక్కేవాడు.”

బత్మకాన్ గోడ పట్టుకుంది. ఈ సంగతి ఆమెకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

“డైరెక్టర్‌ని రమ్మను,” అంది కలీచా కుర్చీలో కూర్చొని, రొట్టెను కవరులో పెట్టి ఒడిలో దాచుకుంటూ. “టీ కూడా తెమ్మను. పొద్దుటినుంచి ఏమీ తినలేదు.”

ఉలుక్మాన్ టీ కెటిల్, కప్పులు, ఒక కొత్త రొట్టె ట్రేలో పెట్టుకొని తనే తెచ్చాడు. మంచి పొడగరి, తలుపు దాటేటప్పుడు తల వంచుకొని వచ్చాడు. మాట మెత్తన. మిషన్ పక్కనున్న బల్ల మీద అన్నీ సర్ది, అందరికంటే ముందు బత్మకాన్‌కు కప్పు అందించాడు.

“తీసుకో అక్కా. ఏం దిగులు పడకు. నువ్వు మా ఇంటి మనిషివి. మంచి లాయర్‌ని నేనే పెడతా.”

“మిషన్ మీరు నడుపుతారా ఉలుక్మాన్‌గారూ?” అడిగింది కలీచా.

“నేనా? అయ్యో, బటన్ ఎక్కడుందో కూడా తెలీదండీ. అక్క ముట్టుకోనిస్తేగా!” నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తనే ఆపేశాడు.

“మంగళవారం ఐదున్నరకు వెళ్ళిపోయారు.”

“అవునండీ. పిల్లాడికి జ్వరం.”

కలీచా టీ తాగింది. రొట్టెను చూసింది. అమ్మమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు రొట్టె ముక్క జారవిడిస్తే అమ్మమ్మ కొట్టేది కాదు, ఆ పూటంతా మాట్లాడేది కాదు. అది దెబ్బకంటే ఎక్కువ. ‘ఈ ఒక్కసారికి క్షమించు అమ్మమ్మా,’ అనుకొని, కెటిల్ కోసం చెయ్యి చాపుతున్నట్టు మోచేత్తో రొట్టెను నెట్టింది.

రొట్టె బల్ల మీంచి దొర్లి రంపపుపొట్టులో పడింది.

గదిలో అందరూ ఒక్కసారే వంగారు. శైలోబెక్ వంగాడు, కానిస్టేబుల్ వంగాడు, కప్పు చేతిలో ఉన్న బత్మకాన్ కూడా వంగబోయింది. దగ్గర ఉన్నది ఉలుక్మాన్. “అందుకే అంటున్నానండీ, లాయర్ మంచివాడైతే సగం శిక్షే...” అంటూనే రొట్టె ఎత్తి, పొట్టు ఊది, నుదుటికి ఆనించుకొని, చెయ్యి పైకి చాపి మిషన్ నెత్తి మీద పెట్టాడు. అటు చూడను కూడా చూడలేదు. చేతికి ఆ చోటు తెలుసు.

పెట్టాక మాట ఆగిపోయింది. చెయ్యి పైనే ఉండిపోయింది.

కలీచా ఒడిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టింది. “ఇదీ అక్కడే దొరికింది. దీని అడుగున ఇరిస్‌బెక్ నెత్తురుంది.”

“ఎవరైనా... ఎవరైనా ఎత్తి పైన పెడతారండీ. పెద్దలు నేర్పింది.”

“ఎవరైనా ఎత్తుతారు. కాదనను. కానీ ఇక్కడ బల్ల ఉంది, స్టూలుంది, కిటికీ ఉంది. ఈ ప్రెస్సు మనుషుల్లో ఆ ఎత్తుకు చెయ్యి చాచగలిగేది మీరొక్కరే. పెద్దలు నేర్పింది మీ చెయ్యి మర్చిపోలేదు. ఐదున్నరకు వెళ్ళిపోయానన్నది మీ నోరు మాత్రమే.”

ఉలుక్మాన్ చెయ్యి దించి చూసుకున్నాడు. తరువాత స్టూలు మీద కూలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాక, ఎవరూ అడగకుండానే చెప్పాడు.

“అక్క కాదనేసరికి నేనే కోశాను. గీతలు పడుతున్నాయి. ఇరిస్‌బెక్ అన్నకి ఫోన్ చేసి వెనక గేటు తీశాను. పిడులు లేకుండా కత్తి దించకూడదు, పొద్దున అక్క వచ్చాక దించుదాం అన్నాడు. నేనే... నేను పట్టుకుంటాలే అన్నా. పట్టుకున్నా కూడా. చివరి బోల్టు వదులవుతుంటే ఫోన్ మోగింది. లారీవాడేమో అని ఒక చెయ్యి తీశా. ఒక్క చెయ్యే.” ఆ చేతిని మోకాలి మీద రుద్దుకున్నాడు. “నెత్తురు చూసి ఏం చెయ్యాలో తోచలేదు. స్టూలు తిరగబడి రొట్టె కింద పడిపోయింది. అది ఎత్తాను. తలుపు వేసి వెళ్ళిపోయాను. గీతల లేబుళ్ళే లారీకి ఎక్కించి పంపేశాను. తెల్లారి మీరందరూ అక్క పేరు చెబుతుంటే, అవునన్నాను.”

శైలోబెక్ కానిస్టేబుల్ వైపు తల ఊపాడు. కానిస్టేబుల్ బత్మకాన్ పక్కనుంచి జరిగి ఉలుక్మాన్ పక్కన నిలబడ్డాడు. ఇంత మార్పుకు ఒక్క మాట కూడా అవసరం కాలేదు.

బత్మకాన్ కప్పు బల్ల మీద పెట్టింది. రంపపుపొట్టు చుట్టి రాకుండా, దాని అంచు దాకా వెళ్ళి ఉలుక్మాన్ ఎదురుగా నిలబడింది. అతను కూర్చొని ఉండటం వల్ల ఆమె ఇప్పుడు అతనికంటే ఎత్తుగా ఉంది. అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అరవలేదు.

“రొట్టె కింద పడితే ఎత్తావు. నుదుటికి ఆనించావు. ఎవరి కాలూ తగలకుండా అంత పైన పెట్టావు,” అంది. “ఆయన ఆ పక్కనే పడి నీకేసి చూస్తూనే ఉండి ఉంటాడు. మనిషిని ఎందుకెత్తలేదురా?”

జవాబు రాసుకోవడానికి శైలోబెక్ ఫైలు తెరిచి కలం తీశాడు. ముందు మొదటి పేజీలోని బత్మకాన్ పేరు కొట్టేశాడు.